చలికాలంలో మోగే గుమ్మం

రాజుల గురించి పుస్తకాలు రాశారు. రాజుల్ని చంపినవాళ్ళ గురించి అంతకంటే లావుపాటి పుస్తకాలు రాశారు. కోట గుమ్మం దగ్గర బల్లెం పట్టుకుని నిలబడి ఆ ఇద్దరినీ లోపలికి పోనిచ్చినవాడి మీద మాత్రం ఎవరూ అరపేజీ కూడా ఖర్చుపెట్టలేదు. ఎందుకు పెట్టాలి? వాడేం చేశాడు గనక? నిలబడ్డాడు, చూశాడు, పక్కకి తప్పుకున్నాడు. కానీ నాలుగు ఊళ్ళు తిరిగి చూస్తే, లోకంలో జరిగే చెడుగులో పెద్ద వాటా ఇలా పక్కకి తప్పుకున్నవాళ్ళ ముందునుంచే నడిచి వెళ్ళిందనిపిస్తుంది. ఇది అలాంటి ఒక గుమ్మం మనిషి సంగతి. రాజు లేడు, కోటా లేదు. ఇత్తడి కుళాయిలు చేసే ఫ్యాక్టరీ ఒకటి, పనివాళ్ళు బయటికి వెళ్ళే వెనక గేటు ఒకటి.

ఆ గేటు దగ్గర కూర్చునే ఆయనని ముఖం మీద బాబాయి అనేవారు, వెనకాల అయస్కాంతం అనేవారు. రెండో పేరు ఊరికే రాలేదు. మిషను రాకముందు, ఎవరైనా ఇత్తడి దాచుకుపోతున్నారేమోనని ఆయన చేత్తో తడిమి వెతికేవాడు. చాలాసార్లు తడమాల్సిన అవసరమే ఉండేది కాదు. వరుసలో వస్తున్న మనిషి నడక చూసి, "ఆ ఎడమ జేబులోది అక్కడ పెట్టి కదులు నాయనా" అనేవాడు. ఒకసారి ఒక ముసలి ఫిట్టరు చిన్న ఇత్తడి బుష్షు నోట్లో దాచుకుని వచ్చాడు. ఈయన తడమలేదు. "టైమెంతయిందన్నా?" అని అడిగాడు. ఆ ఫిట్టరు గోడ గడియారం వైపు వేలు చూపించాడు. "వేలు కాదన్నా, నోటితో చెప్పు. నీ గొంతు విని చాలా రోజులైంది" అన్నాడు. ముసలాయన కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా అలాగే నిలబెట్టాడు. వరుస వరుసంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. ఆ ఫిట్టరు మళ్ళీ ఆ గేటు తొక్కలేదు. అయస్కాంతం మాత్రం ఆ కథని ఏళ్ళ తరబడి చెప్పుకుంటూనే ఉన్నాడు. చెప్పిన ప్రతిసారీ ముసలాయన బుగ్గ కాస్త ఉబ్బేది.

తరవాత మిషను వచ్చింది. రెండు నిలువు స్తంభాలు, పైన ఒక అడ్డపట్టీ, లోపల తలుపు లేని గుమ్మం. ఏమీ లేని మనిషి దాటితే పచ్చదీపం, లోహం ఉన్న మనిషి దాటితే ఎర్రదీపం, చెవులు పగిలే మోత. తాళాలు, ఫోన్లు, టిఫిను డబ్బాలు పక్కనున్న ట్రేలో పెట్టి ఒక్కొక్కరే దాటాలి. మోగితే ఆడవాళ్ళని వెతికే గదిలోకి పంపాలి; అక్కడ ఒకావిడ ఉంటుంది, ఆమెని అందరూ తడుముళ్ళక్క అంటారు. షిఫ్టు దిగే ముందు అయస్కాంతం ఒక ఇత్తడి బిళ్ళ పట్టుకుని తనే ఒకసారి గుమ్మం దాటి, మిషను మోగిందని చూసుకుని, షిఫ్టు అయ్యాక దాన్ని కట్టేసేవాడు.

మొదట్లో దానంటే ఆయనకి ఒళ్ళుమంట. చేతికొచ్చిన విద్యని ఎవరో పెట్టెలో పెట్టి అమ్ముకున్నట్టు అనిపించింది. పోనుపోను అలవాటై, ఆ తరవాత ఇష్టమైంది. మనిషితో అయితే వాదన ఉంటుంది. "నేను తియ్యలేదు బాబాయ్" అంటారు, ఒట్లు పెడతారు, ఏడుస్తారు. మిషనుతో వాదించేవాడు ఎవడు? "నేనేం చెయ్యనమ్మా, అది మోగింది" అంటే సరిపోతుంది. వయసు మీద పడే మనిషికి ఇంతకంటే సుఖమైన మాట ఇంకొకటి లేదు.

వయసు ఆయనకి ముందుగా కుడి మోకాలి మీద పడింది. ఎండాకాలంలో ఫరవాలేదు. చలి మొదలైందంటే ఆ మోకాలు తుప్పు పట్టిన తలుపు బందులా బిగిసేది, కుర్చీలోంచి లేవాలంటే లాఠీ నేలకి ఆనించి లేచేవాడు. ఆ గేటు దారి ఒక పొడుగాటి సందు. రెండు వైపులా సిమెంటు గోడలు, ఎదురుగా ఏమీ లేదు. రాత్రి షిఫ్టు దిగేది తెల్లవారుజామున. ఆ వేళకి అందులోంచి వచ్చే గాలి ఎముకల్ని వెతుక్కుంటూ వచ్చేది.

వెళ్ళేవాళ్ళలో ఆ మోకాలి గురించి అడిగే మనిషి ఒక్కతే. పాలిషు సెక్షనులో పనిచేసే అమ్మాయి. తిరిగే చక్రానికి కుళాయిలు ఆనించి మెరుగు పెట్టే పని. ఎంత మూతి గుడ్డ కట్టుకున్నా కనుబొమల మీద, జడలో ఇత్తడి పొడి చేరి, దీపం కింద నిలబడితే తళుక్కుమనేది. అందుకని అందరూ మెరుపు అని పిలిచేవారు. తల్లి ఉన్నన్నాళ్ళు తల్లికి చాకిరీ చేసింది, తల్లి పోయాక ఫ్యాక్టరీకి చేస్తోంది. ఇంట్లో చదువుకుంటున్న చెల్లెలు ఉంది. ఆ ఇద్దరి పొట్టా ఆ చక్రం మీదే తిరుగుతోంది.

"ఏం బాబాయ్, మోకాలు ఏమంటోంది?"

"ఏమంటుందమ్మా, నన్ను మోసింది చాలు, ఇక నువ్వే నన్ను మొయ్యి అంటోంది."

చలి ముదిరిన రోజున ఆమె ఇంటినుంచి ఒక పాత హీటరు మోసుకొచ్చింది. ఇనప పెట్టె, ముందు జాలీ, లోపల ఎర్రగా కాలే కడ్డీలు. "మా అమ్మ కోసం కొన్నాం బాబాయ్. ఇప్పుడు ఇంట్లో ఊరికే పడుంది. నువ్వు వాడుకో" అంది. కన్నకొడుకు కూడా అంత ఆలోచన చెయ్యలేదని అయస్కాంతం ఆ పూట ఇంటికెళ్ళి భార్యతో చెప్పాడు. భార్య "ఏం కావాలిట ఆ పిల్లకి?" అని అడిగింది. అలాంటి ప్రశ్నలు అడగడంలో ఆవిడది అందె వేసిన చెయ్యి.

హీటరు ప్లగ్గు గోడకి ఉంది. ఊడ్చే మనిషి రోజూ దాన్ని గోడవారగా, మిషను ఎడమ స్తంభానికి అవతల పెట్టి వెళ్ళేది. అయస్కాంతం కుర్చీ స్తంభానికి ఇవతల. కుడికాలు మడతపడదు, ఒంగితే లేవలేడు. అందుకని హీటరు అక్కడ, మోకాలు ఇక్కడ. మెరుపు వచ్చేసరికి ఆ కష్టం తీరేది. గుమ్మం దాటుతూనే, ఒక కాలు ఇంకా లోపల ఉండగానే, రెండో కాలి మడమతో హీటరుని స్తంభం పక్కనుంచి లాగి ఆయన మోకాలి ముందుకి జరిపేది. "కాచుకో బాబాయ్" అని వెళ్ళిపోయేది.

ఆ చలికాలమే మిషనుకి తిక్క పుట్టింది.

వెచ్చగా ఉన్న రోజున బుద్ధిగా ఉంటుంది. చలి కొరికే తెల్లవారుజామున మాత్రం ఉన్నట్టుండి అరుస్తుంది. ఒకటి రెండుసార్లు ఇంకెవరికో మోగింది గానీ, మోగితే ముఖ్యంగా మెరుపుకే మోగింది. తడుముళ్ళక్క గదిలోకి తీసుకెళ్ళి వెతికేది. ఏమీ ఉండేది కాదు. మళ్ళీ గుమ్మం దాటిస్తే పచ్చదీపం. మామూలు బుద్ధితో చూస్తే, ఏమీ లేదు కాబట్టి ఏమీ లేదనుకోవాలి. కానీ అనుమానానికి వేరే గణితం ఉంటుంది. మొదటిసారి మోగింది, గదిలోకి వెళ్ళొచ్చాక మోగలేదు. అంటే గదిలో ఎక్కడో వదిలేసి వచ్చింది. ఎవరి సాయం లేకుండా వదలగలదా? ఈ లెక్క తన మీదకి వస్తోందని తడుముళ్ళక్కకి అర్థమైన రోజునుంచి ఆమె చేతులు మారిపోయాయి. అప్పటిదాకా పైపైన తడిమి "వెళ్ళవే తల్లీ" అనే మనిషి, "నా ఉద్యోగం తినడానికి దాపురించావే" అంటూ రవికె కుట్లు కూడా వదలకుండా లాగి చూడటం మొదలుపెట్టింది.

వెతికినంతసేపూ వెనకాల వరుస ఆగిపోయేది. మొదటి బస్సు వెళ్ళిపోయేది. రాత్రంతా నిలబడి పనిచేసిన మనుషులు, చలిలో చేతులు చంకల్లో పెట్టుకుని, తిట్టుకోవడానికి ఒక ముఖం కోసం చూస్తారు. మిషనుకి ముఖం లేదు.

"ఇవాళ ఏం మింగావే మెరుపూ? కుళాయా, పైపా?"

"కడుపులో గోడౌను పెట్టుకుంది ఇది."

"రేపటినుంచి నువ్వు అందరికంటే ఆఖర్న రా తల్లీ. మా బస్సుల ఉసురు తగుల్తుంది నీకు."

మొదట్లో మెరుపు కూడా నవ్వేది. "అవునే, ఇంట్లో బాత్రూముకి కుళాయి కావాలి" అనేది. తరవాత నవ్వడం మానేసింది. తరవాత తల ఎత్తడం మానేసింది. హీటరు లాగడం మాత్రం మానలేదు. ఎంత అవమానంలో ఉన్నా కాలు దాని పని అది చేసేది.

సంగతి మేనేజరు దాకా వెళ్ళింది. ఆయన మిషను కంపెనీ మెకానిక్కుని పిలిపించాడు. మెకానిక్కు మధ్యాహ్నం వచ్చాడు. ఎండలో మిషను పెళ్ళికూతురంత అణకువగా ఉంది. "దీనికేం రోగం లేదు" అన్నాడు. చలిలోనే మోగుతుందంటే, మర్నాడు నిద్రముఖంతో, పళ్ళు టకటకలాడించుకుంటూ తెల్లవారుజామునే వచ్చాడు.

చెప్పుకోవాల్సిన మర్యాద ఇక్కడ ఒకటి ఉంది. మనవాళ్ళకి పెద్దమనిషి ఇంటికొస్తే ఉన్న ఒక్క కుర్చీ ఆయనకి వేసి తాము నేల మీద కూర్చోవడం అలవాటు. అయస్కాంతం కూడా అదే చేశాడు. అంత చలిలో వచ్చిన మనిషి కాళ్ళు వణుకుతుంటే చూడలేక, ఊడ్చే మనిషి చేత హీటరు ప్లగ్గు పీకించి, లోపలి స్టోరు గదిలో మెకానిక్కు కాళ్ళ దగ్గర పెట్టించాడు. మెకానిక్కు టీ తాగి, అరికాళ్ళు కాచుకుని, ఆ తరవాత వచ్చి మిషను చూశాడు. తీగెలు లాగి చూశాడు, మరలు బిగించాడు, స్తంభాలు కదులుతున్నాయేమోనని ఊపి చూశాడు.

"దీని పద్ధతి ఏంటంటే, కదలకుండా ఉన్న ఇనుముని పట్టించుకోదు. కదిలితేనే అరుస్తుంది. దగ్గర్లో షట్టరు గానీ, బండి గానీ కదుల్తుందా?"

"లేదండీ."

"చలికాలంలో కొత్తగా ఇక్కడేమైనా పెట్టారా?"

అయస్కాంతం సందు ఆ చివరినుంచి ఈ చివరిదాకా నిజాయితీగా చూశాడు. ఏమీ లేదు. "ఏమీ పెట్టలేదండీ" అన్నాడు. అబద్ధం ఆడాలని కాదు. హీటరు ఆయన దృష్టిలో ఒక వస్తువు కాదు, మోకాలికి మందు. మందుని ఎవరూ ఇనపసామాన్లలో లెక్కెయ్యరు.

షిఫ్టు దిగింది. మెరుపు వచ్చింది, గుమ్మం దాటింది. లాగడానికి హీటరు లేదు, కాలు చాపలేదు. పచ్చదీపం.

"చూశారా, మెకానిక్కు ఉన్నాడని తెలిసి ఇవాళ ఏమీ తేలేదు" అన్నాడు మేనేజరు.

మెకానిక్కుకి ఏదో ఒకటి చెప్పి వెళ్ళాలి. చెప్పకపోతే మళ్ళీ తెల్లవారుజామున పిలుస్తారు. మెరుపు జడ వైపు చూసి, "పాలిషు పొడి అంతా తలలోనే ఉంది. చలికి తేమ పట్టి పేరుకుంటుంది. అదే అయ్యుంటుంది" అని చేతులు దులుపుకుని పోయాడు. ఆ మాట అతను బస్సెక్కేలోపే మర్చిపోయి ఉంటాడు. లోకంలో చాలా శిక్షలు ఇలాగే పడతాయి, వేసినవాడికి గుర్తు కూడా ఉండదు.

మేనేజరు మర్చిపోలేదు. పాలిషు పిల్ల రోజూ షిఫ్టు దిగాక తల కడుక్కునే గేటు దగ్గరికి రావాలన్నాడు. ఇంకోసారి గనక మోగితే పనిలోంచి తీసేస్తానన్నాడు. వేణ్ణీళ్ళ ఏర్పాటు లేదు. ఫ్యాక్టరీ వెనక తొట్టి దగ్గర, తను మెరుగుపెట్టిన కుళాయి కిందే తల పెట్టి, ఆ చలిలో మెరుపు తల కడుక్కునేది. తడి జడ నడుముకి అతుక్కుని, పెదాలు నల్లబడి వరుసలోకి వచ్చేది. వరుసలో వాళ్ళు నీళ్ళు మీద పడతాయని పక్కకి జరిగేవారు.

నాలుగు రోజులు మంచు విడిచింది, ఎండ కాసింది, హీటరు అవసరం పడలేదు, మిషను మోగలేదు. "చూశారా, తలలోనే ఉంది దొంగతనం" అని అందరూ తేల్చుకున్నారు. ఐదోనాడు చలి తిరిగొచ్చింది. మెరుపు తడి తలతో వచ్చి, గుమ్మం దాటుతూ, బాబాయి మోకాలు చూసి, కాలు చాపింది.

మోగింది.

ఆ రోజు మేనేజరు ఇంకా రాలేదు. అయస్కాంతం చెప్పకపోతే ఆయనకి తెలియదు. గదిలోంచి బయటికొచ్చిన మెరుపు రవికె హుక్కులు పెట్టుకుంటూ ఆయన కుర్చీ దగ్గర ఆగింది. జలుబుతో గొంతు పూడుకుపోయింది.

"నువ్వైనా నమ్ముతావుగా బాబాయ్?"

అయస్కాంతం అటూ ఇటూ చూశాడు. గొంతు తగ్గించాడు. ఆ క్షణంలో తను చాలా మంచివాడినని ఆయనకి అనిపించింది.

"ఒకటి చెప్తాను వినమ్మా. ఏదైనా ఉంటే నాకిచ్చెయ్. నేను లోపల పడేయిస్తా, మూడో కంటికి తెలీదు. ఆడపిల్లవి, చెల్లెలుంది. ఎవరికైనా కష్టాలుంటాయి. నేను చూసీచూడనట్టు ఊరుకుంటా. ఇవాళ్టిది పైకి చెప్పనులే."

మెరుపు ఆయన ముఖంలోకి చూసింది. తడుముళ్ళక్క చేతులు వెతకని చోటు ఏదో ఈ మాట వెతికినట్టు, పైట గట్టిగా చుట్టుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు ఆమె జుట్టు లేకుండా వచ్చింది.

గుండు కాదు, ఇంట్లో కత్తెరతో, అద్దం కూడా సరిగ్గా లేకుండా తనే కోసుకున్నట్టు ఒకచోట పొట్టిగా, ఒకచోట ఇంకా పొట్టిగా ఉంది. చెవుల వెనక చర్మం తెల్లగా, ఎప్పుడూ వెలుగు చూడనట్టుగా బయటపడింది. వరుస నిశ్శబ్దమైపోయింది. కానీ నిశ్శబ్దం మనుషులకి బరువు, ఎక్కువసేపు మొయ్యలేరు.

"ఓసినీ, మెరుపు పోయి బల్బు వచ్చింది" అన్నారెవరో. పగలబడి నవ్వారు.

"ఇవాళ మోగదు" అంది మెరుపు, ఎవరితోనో కాదు, గాలితో. నవ్వులోంచి నడిచి వచ్చింది. ట్రేలో ఏమీ పెట్టలేదు, పెట్టడానికి ఏమీ తెచ్చుకోలేదు. మేనేజరు స్వయంగా వచ్చి గోడకి ఆనుకుని, కళ్ళు దీపాల మీదే పెట్టి నిలబడ్డాడు. ఆమె గుమ్మంలో అడుగుపెట్టింది. పచ్చదీపం. ఒక కాలు బయటపెట్టింది. పచ్చదీపమే. ముఖంలో ఒక్కసారిగా రక్తం తిరిగింది. ఎన్ని రోజుల తరవాతో ఊపిరి వదిలి, బాబాయి వైపు తిరిగి, నిన్నటి మాట కూడా మర్చిపోయినట్టు, అలవాటు చొప్పున మడమ చాపి హీటరుని ఆయన మోకాలి ముందుకి లాగింది.

మోత సందంతా నిండింది.

మేనేజరు అరవలేదు కూడా. "ఇక చాలమ్మా" అన్నాడు. తడుముళ్ళక్కని పిలవనక్కర్లేదన్నట్టు చెయ్యి ఊపాడు. "తప్పు లేని మనిషి జుట్టు కోసుకుంటుందా?" అన్నాడు పక్కనున్నవాళ్ళతో. అది అందరికీ చాలా సబబుగా తోచింది.

మెరుపు ఎర్రదీపం వైపు చూస్తూ ఉండిపోయింది. ఏడుపు రాలేదు. తలమీదకి చెయ్యి వెళ్ళింది, జడ కోసం వెతుక్కున్నట్టు వెనక్కి వెళ్ళింది, మెడ మీద ఆగిపోయింది. గేటు బయటికి నడిచింది. అయస్కాంతం మోకాలు మాత్రం ఆ పూటంతా వెచ్చగానే ఉంది.

ఆమె పోయిన మర్నాటినుంచి మిషను కిక్కురుమనలేదు. ఎంత చలి పెట్టినా పచ్చదీపమే. మొదటి బస్సు అందరికీ దొరికింది. తడుముళ్ళక్క చేతులు మళ్ళీ మెత్తబడ్డాయి. దొంగ పోయింది, మిషను కుదుటపడింది అన్నారు. హీటరు గోడవారగా ఎవరికీ అందకుండా కాలుతూ ఉండేది.

ఒక తెల్లవారుజామున, వరుస ఇంకా రాకముందు, మోకాలి నొప్పి భరించలేక అయస్కాంతం కుర్చీలోంచే లాఠీ చాపి దాని కొనని హీటరు పిడిలో దూర్చి లాగాడు. అది గరగర శబ్దం చేస్తూ స్తంభం పక్కనుంచి ఇవతలకి వచ్చింది.

మిషను మోగింది. గుమ్మంలో ఎవరూ లేరు.

ఆయన లాఠీతో హీటరుని వెనక్కి నెట్టాడు. మోగింది. ఆపాడు. ఆగింది. మళ్ళీ లాగాడు. మోగింది. మెకానిక్కు అడిగిన ప్రశ్నలు, తనిచ్చిన జవాబులు ఒకటొకటిగా తిరిగొచ్చాయి. చాచిన ఆ మడమ కళ్ళముందు ఆడింది. ప్రతిరోజూ. తన కోసమే.

ఇంటికెళ్ళి భార్యకి చెప్పాడు. ఆవిడ బట్టలు మడతపెడుతూ వింది.

"ఇప్పుడు చెప్తే ఏమొస్తుంది? కోసుకున్న జుట్టు అతుక్కుంటుందా?"

"జుట్టు దానంతటదే పెరుగుతుందే. ఉద్యోగం గురించి నేనంటున్నది."

"నేనూ ఉద్యోగం గురించే అంటున్నా. నీది."

అయినా వెళ్ళాడు. ఆ మాత్రం చెప్పుకోవాలి ఆయన గురించి. మోకాలు ఈడ్చుకుంటూ మెట్లెక్కి మేనేజరు గది తలుపు తట్టాడు. లోపలికి వెళ్ళేసరికి చెప్పాల్సిన వాక్యం నాలుక చివర సిద్ధంగా ఉంది: అమ్మాయి తప్పు లేదండీ, హీటరు వల్ల మోగింది, నా మోకాలి కోసం జరిపేది, తిరిగి పనిలోకి తీసుకోండి. ఇంతే. చిన్నపిల్లలు కూడా చెప్పగలిగిన మాట.

"రావయ్యా, నేనే పిలుద్దామనుకుంటున్నా" అన్నాడు మేనేజరు. "వయసైపోయింది, గేటుకి ఇంకెవర్నైనా చూడమని పైవాళ్ళు అంటున్నారు. నేనొప్పుకోలేదు. మిషను పెట్టాక మొదటి దొంగని పట్టింది ఈయనే అని చెప్పాను. ఇంకా కొన్నాళ్ళు నిన్నే ఉంచుతామన్నారు. ఏంటి, ఏదో చెప్పాలని వచ్చావు?"

"అదేనండీ... గేటు దగ్గర హీటరు..."

మేనేజరు కనుబొమలు దగ్గరికొచ్చాయి. "హీటరేంటి? మిషను దగ్గర హీటరు ఎవరు పెట్టారు?"

తను మెరుపు పేరు చెప్తే, ఎందుకు అన్న ప్రశ్న వస్తుంది. ఎందుకో చెప్తే, ఇన్నాళ్ళూ పక్కనే కూర్చుని ఏం చూస్తున్నావన్న ప్రశ్న వస్తుంది. నడక చూసి దొంగని పట్టేవాడు కాళ్ళ దగ్గర జరిగేది చూడలేదా? వరుసంతా ఆ కథ చెప్పుకుని నవ్వుతుంది. ఏళ్ళ తరబడి చెప్పుకుంటుంది.

"పెట్టలేదండీ," అన్నాడు. "పెట్టుకోవచ్చా అని అడుగుదామని వచ్చా. మోకాలు..."

"వద్దు వద్దు. కరెంటు ఖర్చు. దుప్పటి కప్పుకో."

"అలాగేనండీ" అని మెట్లు దిగాడు. దిగుతుంటే మోకాలు ఎక్కినప్పటికంటే ఎక్కువ నొప్పి పెట్టింది. హీటరు ప్లగ్గు పీకించి గోడ మూలకి నెట్టించి, మీద ఒక గోనెసంచి కప్పించాడు.

మెరుపు కొన్ని చోట్ల పని అడిగిందని, వెనక గేటు కథ ఆమెకంటే ముందే అక్కడికి చేరిందని తెలుస్తూనే ఉంది. కుళాయిల ఫ్యాక్టరీలన్నీ ఒకే వీధి చుట్టూ ఉంటాయి, మేనేజర్లందరూ ఒకే చోట టీ తాగుతారు. చెల్లెలు చదువు మానేసి ఒక అట్టపెట్టెల గోడౌనులో చేరింది. ఈ మాటలు వరుసలోంచి చెవిలో పడినప్పుడల్లా అయస్కాంతం ట్రేలో తాళాలు సర్దేవాడు.

చలి పోకముందే ఒకరోజు, షిఫ్టు దిగే వేళకి, మెరుపు బయటివైపునుంచి గేటు దగ్గరికి వచ్చింది. తలకి తువ్వాలు చుట్టుకుంది. దగ్గు తగ్గలేదు. లోపల వరుస అప్పుడే కట్టింది. మిషను వెలిగి ఉంది.

"నా హీటరు తీసుకెళ్దామని వచ్చా," అంది. బాబాయ్ అనలేదు. "ఇంట్లో బాగా చలిగా ఉంటోంది."

"తీసుకో తల్లీ. నీదేగా. నేనే పంపుదామనుకున్నా." గోనెసంచి తనే లాఠీతో తప్పించాడు. అది వీలైనంత తొందరగా వెళ్ళిపోవాలని ఆయన ప్రాణం కొట్టుకుంది. "ఎత్తి పట్టుకో, ఈడవకు. కాళ్ళు విరుగుతాయి దాన్వి. ఎత్తుకో."

ఎత్తడానికి ఆమెలో సత్తువ లేదు. పిడి పట్టుకుని ఈడ్చింది. స్తంభం పక్కకి వచ్చేసరికి మిషను అరిచింది. గుమ్మంలో ఎవరూ లేరు.

మెరుపు ఆగిపోయింది. అరుపు ఆగింది. ఆమె నెమ్మదిగా, కాలి మడమ చాపి, హీటరుని ఒక జానెడు వెనక్కి నెట్టింది. మోగింది. ముందుకి లాగింది. మోగింది. ఆమె ఆ ఎర్రదీపం వైపు చూసింది, తన మడమ వైపు చూసుకుంది, మోకాలి మీద దుప్పటి కప్పుకున్న మనిషి వైపు చూసింది. ఆయన కళ్ళు అప్పటికే పక్కకి తిరిగి ఉన్నాయి. ఆశ్చర్యపోవాల్సిన ముఖం ఆశ్చర్యపోలేదు. ఆమెకి కావలసింది ఆ ముఖంలో అంతా రాసి ఉంది.

"నీకు తెలుసా?" అంది.

వరుసలో ఉన్నవాళ్ళు విన్నారు. వాళ్ళ కళ్ళముందే ఖాళీ గుమ్మం మోగింది. చూడగలిగినవాళ్ళకి అక్కడే అంతా ఉంది. కానీ మెరుపు ఉన్నచోట మిషను మోగడం వాళ్ళకి ఎంత అలవాటైపోయిందంటే, అందులో వింత ఎవరికీ కనిపించలేదు.

"చూశారా, పని పోయినా బుద్ధి పోలేదు. ఇంకా మోగిస్తూనే ఉంది" అన్నారెవరో. నవ్వు ఆ సందు గోడలకి కొట్టుకుని తిరిగొచ్చింది.

ఆ నవ్వు ఆగేదాకా అయస్కాంతానికి వ్యవధి దొరికింది. ఒక్క మాట అనడానికి చాలినంత వ్యవధి. మెరుపు కూడా ఆ మాట కోసమే నిలబడింది. దగ్గు వస్తుంటే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మరీ నిలబడింది.

"మిషను దగ్గర నీకేం పని?" అన్నాడాయన, గొంతు పెంచి, వరుసంతా వినేలా. "బయటివాళ్ళు ఇక్కడ నిలబడకూడదు. తీసుకున్నావుగా, నడు నడు."

మెరుపు హీటరుని రెండు చేతులా ఎత్తి పొట్టకి ఆనించుకుంది. ఎక్కడినుంచి వచ్చిందో ఆ సత్తువ. తీగె వెనకాల నేలమీద ఈడ్చుకుంటూ వీధి మలుపు దాకా వెళ్ళి, కనిపించకుండా పోయింది.

అయస్కాంతం ఎర్రదీపం ఆర్పే మీట నొక్కి, దుప్పటి సర్దుకుని, వరుసలో మొదటి మనిషిని రమ్మని చేత్తో సైగ చేశాడు.